తీరం దాటాక తుపాను ఎటు పోతుంది?

'తుపాను తీరం దాటింది' అని టీవీలో చెప్పగానే విజయనగరం జిల్లా చీపురుపల్లిలో సగం మంది ఊపిరి పీల్చుకుంటారు. గండం గడిచింది, పడితే సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ల మీదే పడింది అనుకుంటారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి, కోనాడ తీరాల నుంచి చీపురుపల్లికి గీత గీసి కొలిస్తే సుమారు 30 కిలోమీటర్లు వస్తుంది. ఉప్పెన నీరు ఇంత దూరం రాదు. వలలు, పడవలు పోగొట్టుకునే భయం ఇక్కడివాళ్లకు లేదు. కాని గంటకు 15 కిలోమీటర్ల చొప్పున కదిలే తుపాను ఆ దూరం నడవడానికి రెండు గంటలు చాలు. పైగా తుపాను అంటే మ్యాపు మీద కనిపించే ఒక చుక్క కాదు. వందల కిలోమీటర్ల వెడల్పున తిరిగే గాలి, మబ్బు. 'తీరం దాటడం' అంటే దాని నడిమధ్య భాగం నీటి మీద నుంచి నేల మీదికి రావడం. ఆ కబురు మనకు అందేసరికే దాని అంచులు మన పెంకుల మీద ఉంటాయి.

అందుకని ఎక్కడ తీరం దాటుతుందన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటే చీపురుపల్లి, గరివిడి, గుర్ల, మెరకముడిదాం లాంటి లోపలి మండలాలకు పెద్ద ఉపయోగం ఉండదు. అది దాటే చోటుకు మనం ఏ పక్కన ఉన్నాం? మన మీదికి వచ్చే గాలి సముద్రం మీద నుంచి వస్తోందా, నేల మీద నుంచి వస్తోందా? వాన ఎక్కడ కురుస్తుంది? మనం అడగవలసినవి ఇవి. పదేళ్ల లోపు వ్యవధిలో ఈ ప్రాంతం చూసిన మూడు తుపానులను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది.

మొదటిది హుద్‌హుద్. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరం ముగిసిన వారంలోపే, 2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అండమాన్ దీవులను 8వ తేదీనే తాకి, నాలుగు రోజులు బంగాళాఖాతం మీద బలం పుంజుకుంటూ వచ్చింది. తీరాన్ని తాకే వేళకు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. రెండోది తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం 140 నుంచి 150. మూడోది గులాబ్. 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా నేలమీదికి వచ్చింది. గాలి వేగం 75 నుంచి 85.

ఇప్పుడు చీపురుపల్లిలో నిలబడి ఈ మూడింటినీ చూడండి. హుద్‌హుద్ దాటిన చోటు మనకు నైరుతి దిక్కున, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. తిత్లీ దాటిన చోటు ఈశాన్యాన, 100 కిలోమీటర్లు. గులాబ్ దాటినది తూర్పు దిక్కున, దాదాపు హుద్‌హుద్ అంత దూరంలోనే. దూరం ఒక్కటే లెక్కయితే గులాబ్ గాలి కూడా మనల్ని హుద్‌హుద్ అంత కొట్టాలి. అలా జరగలేదు. విజయనగరం జిల్లాను చెట్లు, స్తంభాలు, పైకప్పులు కూల్చి కొట్టింది హుద్‌హుద్. తిత్లీ మన పొరుగున ఉద్దానాన్ని మట్టి కరిపించి, ఇటువైపు అంత బలం చూపలేదు.

గాలి బలంలో హుద్‌హుద్ పెద్దది కావడం ఒక కారణం. దానికి సమానమైన కారణం ఇంకొకటి ఉంది, అది దిక్కుకు సంబంధించినది. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలి ఎప్పుడూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. మన తీరానికి వచ్చే తుపానులు చాలావరకు పడమరకో వాయవ్యానికో నడుస్తాయి. అది నడిచే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే, కుడిచేతి వైపు తిరిగే గాలి, తుపాను నడిచే దిక్కునే వీస్తుంది. రెండు వేగాలూ కలుస్తాయి. ఎడమ వైపున గాలి ఒక దిక్కుకు, తుపాను మరో దిక్కుకు. కాబట్టి తగ్గుతుంది. గాలి 150, నడక 15 అనుకుంటే కుడివైపున 165, ఎడమవైపున 135 అవుతుంది. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కాని గాలి తోపు దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి నాలుగింతలు. 135కీ 165కీ మధ్య ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. నిలబడే చెట్టుకూ కూలే చెట్టుకూ మధ్య తేడా అది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి గాలి వచ్చే దారి. హుద్‌హుద్ విశాఖ దగ్గర నేలెక్కుతున్నప్పుడు దాని కుడి పక్కన ఉన్న మనకు గాలి ఆగ్నేయం నుంచి, అంటే తిన్నగా సముద్రం మీద నుంచి వచ్చింది. నీటి మీద గాలిని అడ్డుకునేది ఏదీ లేదు. పైగా అది తేమ మోసుకొస్తుంది. తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు మనం దానికి ఎడమ పక్కన పడ్డాం. మన మీదికి వచ్చిన గాలి వాయవ్యం నుంచి, తూర్పు కనుమలూ తోటలూ ఊళ్లూ దాటుకుంటూ వచ్చింది. కొండా చెట్టూ దాని ఊపును ముందే మింగేశాయి. అదే తుపాను, అదే రోజు, అదే తీరం. ఒక పక్కన ఉద్దానం కొబ్బరి తోటలు వేళ్లతో సహా పెకలిపోయాయి, మరో పక్కన ఊళ్లు తట్టుకుని నిలబడ్డాయి.

తుపాను కేంద్రం ఎటు ఉందో తెలుసుకోవడానికి కరెంటు, ఫోను, టీవీ అక్కర్లేదు. 19వ శతాబ్దంలో బైస్ బాలెట్ అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఒకటి ఉంది, నావికులు దాన్ని తరాలుగా వాడుతున్నారు. గాలికి వీపు పెట్టి నిలబడితే మన ఎడమచేతి వైపున, కాస్త ముందుకు, తుపాను కేంద్రం ఉంటుంది. గంట గంటకూ గాలి దిక్కు ఎలా మారుతోందో గమనిస్తే అది మనకు ఏ పక్క నుంచి పోతోందో కూడా తెలుస్తుంది. పడమరకు నడిచే తుపాను మనకు దక్షిణంగా పోతుంటే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి తిరుగుతుంది. ఉత్తరంగా పోతుంటే వాయవ్యం నుంచి పడమరకు, నైరుతికి తిరుగుతుంది. సెల్ టవర్లు పడిపోయిన రాత్రి ఈ మాత్రం తెలిసినా పశువులను ఏ గోడ చాటున కట్టాలో, ఏ వైపు తలుపు బిగించాలో తేల్చుకోవచ్చు. బడిలో పిల్లలకు తప్పకుండా నేర్పవలసిన విషయం ఇది.

ఒక హెచ్చరిక. తుపాను కన్ను సరిగ్గా మన మీద నుంచే పోతే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆకాశం కూడా తెరిపి ఇవ్వవచ్చు. అది ముగింపు కాదు. కాసేపటికి గాలి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి, మళ్లీ అదే బలంతో వస్తుంది. ఒక వైపు తోపుకు ఒరిగి వేళ్లు కదిలిన చెట్టు రెండో తోపుకు నేలకూలుతుంది. విశాఖలో హుద్‌హుద్ నాడు ఇదే అనుభవం. మధ్యలో దొరికిన ఆ నిమ్మళంలో బయటికి రావడమే ప్రమాదం.

గాలి ఇంటిని ఎలా కొడుతుందో కూడా చెప్పుకోవాలి. మనం గోడ కూలుతుందని భయపడతాం, ముందు పోయేది పైకప్పు. గాలి వాలు మీదుగా వేగంగా పోతున్నప్పుడు కప్పుపైన ఒత్తిడి తగ్గి, రేకును పైకి లాగుతుంది. అదే సమయంలో గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఊడితే లోపలికి దూరిన గాలి కింది నుంచి నెడుతుంది. పైనుంచి లాగుడు, కింది నుంచి తోపు కలిసి రేకుల షెడ్డును లేపేస్తాయి. గాలి వైపు తలుపులూ కిటికీలూ గట్టిగా మూయమని పెద్దలు చెప్పేది ఇందుకే. రేకు చూరు గోడ దాటి ఎంత బయటికి వస్తే గాలికి అంత పట్టు దొరుకుతుంది. నాలుగు ఇటుకలు, రెండు రాళ్లు పైన పెట్టి రేకు ఆగుతుందనుకోవడం పొరపాటు. అవే గాలికి లేచి పక్కింటి మీద పడతాయి. రేకును దూలానికి బోల్టులతో బిగించాలి, దూలాన్ని గోడకు కట్టాలి.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పుడు ఎక్కడ చూసినా చుట్టిళ్లే. గుండ్రటి మట్టి గోడ, దాని మీద శంకువులా తాటాకు కప్పు, మనిషి వంగి దూరవలసినంత కిందికి దిగిన చూరు. గుండ్రటి గోడకు మూలలు ఉండవు కాబట్టి గాలి పట్టు దొరక్క పక్కలకు జారిపోతుంది. నాలుగు వైపులా సమానంగా వాలిన కప్పు గాలి ఏ దిక్కున వచ్చినా ఒకేలా తట్టుకుంటుంది. నేలకు దగ్గరగా దిగిన చూరు వానజల్లు గోడకు తగలనివ్వదు, గాలి కిందికి దూరడానికి సందు ఇవ్వదు. గాలివాన ఏడాదేడాది వచ్చిపోయే నేల మీద తరాల అనుభవంతో పుట్టిన కట్టడం అది. ఇవాళ ఎవరినీ తాటాకు ఇంటికి తిరిగి వెళ్లమనడం న్యాయం కాదు. నిప్పు భయం ఉంది, నాలుగేళ్లకోసారి తాటాకు మార్చాలి, కప్పే పనివాళ్లే కరువయ్యారు. కాని మనం దాన్ని వదిలి కట్టుకుంటున్న రేకుల ఇంటికి ఆ తెలివిలో పదోవంతు కూడా ఇవ్వడం లేదన్నది నా బాధ. ప్రభుత్వ గృహ పథకాల్లో కప్పు బిగింపుకు ఇంకాస్త పట్టింపు ఉండాలి.

గాలి గురించి ఇంత చెప్పాక అసలు మాటకు వస్తాను. లోపలి ఊళ్లను ఎక్కువ నష్టపరిచేది చాలాసార్లు వాన. దాని బలానికీ గాలి బలానికీ పొంతన ఉండదు. గులాబ్ అందుకు రుజువు. గాలి లెక్కన అది మామూలు తుపాను. 25వ తేదీ సాయంత్రం తుపానుగా మారి 26వ తేదీ రాత్రికే తీరం దాటింది, అంటే సర్దుకోవడానికి దొరికింది ఒక్క రోజు. అది దాటిన చోటుకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విశాఖ విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో 33 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రెండింటి నడుమ ఉన్నది మన విజయనగరం జిల్లా. గాలికి ఎడమ పక్కన ఉన్నాం కదా అన్న ధీమా వాన విషయంలో పనికిరాదు.

వాతావరణ శాఖ 'అతి భారీ వర్షం' అంటే 24 గంటల్లో సుమారు 11.5 నుంచి 20.4 సెంటీమీటర్ల వాన. అంతకు మించితే 'అత్యంత భారీ'. ఈ మాటలు టీవీలో ఒకదాని తర్వాత ఒకటి దొర్లిపోతుంటే మనకు తేడా పట్టదు. లెక్క వేద్దాం. ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీరు. 20 సెంటీమీటర్లంటే ఎకరానికి 8 లక్షల లీటర్లు. మూడు వందల ఎకరాల నేల మీద పడిన నీరు ఒకే చెరువులోకి దిగిందంటే, ఒక్క రోజులో 24 కోట్ల లీటర్లు. నేల కొంత తాగుతుంది, కాని అంతకుముందే తడిసి ఉన్న ఆశ్వయుజ మాసపు నేల ఎంత తాగుతుంది? చెరువు గట్టు పాతది, నీరు వదిలే మదుము తలుపు తుప్పు పట్టి కదలదు, మిగులు నీరు పొర్లే కళింగలో తూడు పేరుకుంది. ఇవన్నీ కలిస్తే ఆ రాత్రి గండి పడేది ఎక్కడో ముందే చెప్పవచ్చు. చెరువుల కింద వరి పండించే చీపురుపల్లి ప్రాంతానికి తుపాను అంటే అన్నిటికంటే ముందు చెరువు గట్టు.

వాన మన ఊళ్లో పడకపోయినా వరద రావచ్చు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి ఇటు దిగుతాయి. తుపాను నేల మీద బలహీనపడుతూ కొండల వైపు వెళ్లి, అక్కడ తన తేమనంతా కుమ్మరిస్తుంది. ఆ నీరు ఎండ కాసిన మర్నాడో, ఆ మర్నాడో మన దిగువన చేరుతుంది. తిత్లీ తర్వాత వంశధార అలాగే పొంగింది. ప్రాణనష్టం చూసినా లెక్క అదే చెబుతుంది. తిత్లీ తీరం దాటినది శ్రీకాకుళం జిల్లాలో. ఎక్కువమంది చనిపోయింది సరిహద్దుకు అవతల, ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో. బరఘర దగ్గర వానకు కొండ చరియ విరిగిపడి, గుహలో తలదాచుకున్నవాళ్లు పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లను షెల్టర్లకు తరలించారు. కొండ మీది ఊళ్లను తుపాను లెక్కలో ఎవరూ అంతగా చూడలేదు.

హుద్‌హుద్ ఇంకా దూరం వెళ్లింది. తీరం దాటిన మర్నాటికి గాని తీవ్ర వాయుగుండంగా దిగలేదు. అరకు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను కూల్చి, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి నడిచి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లో మంచు తుపానుగా కురిసింది. అన్నపూర్ణ కొండదారుల్లో నడుస్తున్న 40 మందికి పైగా యాత్రికులు, వాళ్ల వెంట ఉన్నవాళ్లు చనిపోయారు. బంగాళాఖాతంలో లేచిన తేమ హిమాలయాల్లో ప్రాణాలు తీసింది. గులాబ్ మిగులు దేశాన్ని అడ్డంగా దాటి అరేబియా సముద్రం చేరి, అక్కడ షాహీన్ అనే కొత్త తుపానుగా మళ్లీ లేచింది. అమెరికాలో తుపానును హరికేన్ అంటారు. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ ఫ్లోరిడా తీరాన్ని తాకింది, కాని అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నార్త్ కరోలినాలోనే, చాలావరకు కొండ ప్రాంతాల్లో, వందమందికి పైగా చనిపోయారు. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఊళ్లవి.

మన తీరానికి ఒక మేలు ఉంది, దాన్ని కూడా చెప్పాలి. విశాఖ, విజయనగరం తీరాల దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. లోతు తక్కువైన చోట గాలి తోసిన నీరు పోయే దారిలేక ఎత్తుగా లేచి ఊళ్ల మీద పడుతుంది. 1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమలో లేచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నది అందుకే. హుద్‌హుద్ అంత గాలితో వచ్చినా విశాఖ దగ్గర నీరు మామూలు పోటు కంటే 1.4 మీటర్లే ఎక్కువ లేచింది. కృష్ణా డెల్టాకు ఉప్పెన ఎంత భయమో మనకు గాలి, వాన అంత భయం. ఒకరి జాగ్రత్తలు మరొకరికి అచ్చంగా సరిపోవు.

ఇక హెచ్చరికల సంగతి. వాతావరణ శాఖ తుపాను సమాచారాన్ని నాలుగు మెట్లలో ఇస్తుంది. 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఒకటి. మత్స్యకారుల దాకా, పత్రికల దాకా ఈ మూడూ చేరతాయి. నాలుగోది, తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు మొదలయ్యేది, లోపలి జిల్లాల కోసమే ఉద్దేశించినది. తుపాను నేలెక్కాక ఏ దారిన పోతుంది, ఎక్కడ ఎంత గాలి, ఎంత వాన అని అందులో ఉంటుంది. చీపురుపల్లికి కావలసినది ఈ నాలుగోదే. అప్పటికి టీవీ కెమెరాలన్నీ సముద్రం ఒడ్డున ఉంటాయి, కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్న చర్చ నడుస్తుంటుంది. 10వ నంబరు అంటే ఆ రేవు మీదే, లేదా దానికి బాగా దగ్గరగా తుపాను దాటుతుందని అర్థం. ఆ సూచికలు ఓడల కోసం, రేవుల కోసం. చీపురుపల్లి రైతుకు అవి చెప్పేది తక్కువ.

హెచ్చరిక తప్పినప్పుడు కోపగించుకోవడం కూడా చూస్తుంటాం. 2021 డిసెంబరులో జవాద్ తుపాను వస్తోందని మూడు జిల్లాల్లో బడులు మూశారు, సహాయ దళాలు దిగాయి. అది తీరం చేరక ముందే బలహీనపడి ఒడిశా వైపు మళ్లింది. అనవసరంగా హడావుడి చేశారన్న మాట ఊరూరా వినిపించింది. ఆ మాట తప్పు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌కు దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013లో అదే తీరానికి వచ్చిన ఫైలిన్‌కు చనిపోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. నడుమ మారినది హెచ్చరికను నమ్మి లక్షల మందిని ముందే కదిలించడం. నాలుగుసార్లు కదిలి ఒక్కసారి బతికినా అది నష్టం కాదు.

పంట మాటకొస్తే, అక్టోబరు తుపాను మన వరిని పొట్ట మీదో, పూత మీదో పట్టుకుంటుంది. పూత రాలితే గింజ తాలు. చేను పడిపోతే నీరు వెంటనే తీయాలి, దుబ్బులు లేపి నాలుగేసి కలిపి కట్టాలి. గింజ ముదిరాక తడిస్తే వెన్ను మీదే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. పరిహారానికి 33 శాతం, ఆపైన నష్టం ఉండాలన్నది నిబంధన. నీరు తీసేశాక చేను బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తాలు బయటపడేది కోతలప్పుడు. అందుకని పడిపోయిన రోజే ఫోటో తీసి పెట్టుకోవాలి. ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి చెట్ల సంగతి వేరు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఒక్కసారి ఇచ్చే పరిహారం ఆ కాలాన్ని పూడ్చదు.

ఈ ఏడాది అక్టోబరు రాకముందే చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊరి చెరువు మదుము తలుపు కదులుతుందా, కళింగ తేటగా ఉందా, వానాకాలంలో నీరు పోయే గెడ్డను ఎవరైనా పూడ్చి కట్టారా అన్నది వెళ్లి చూడండి. తేడా కనిపిస్తే గ్రామ సచివాలయంలో రాసివ్వండి, గ్రామసభలో లేచి అడగండి. తుపాను వచ్చిన రోజు మాత్రం 'తీరం దాటింది' అన్న మాట విని పొలానికి, మార్కెట్‌కు బయల్దేరకండి. నాలుగో హెచ్చరికలో మీ జిల్లా పేరు ఉందేమో చూసుకుని, గాలి దిక్కు మారి తగ్గేదాకా ఇంట్లోనే ఉండండి.